దొరికాక ఏం చేస్తాడు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మైదానాల్లో కూతకెళ్లే కాలేజీ కుర్రాడు ప్రొ కబడ్డీకి పనికొస్తాడా? స్కోరుబోర్డు చెప్పని లెక్క ఇది.

పుంగనూరుకు కాస్త దూరంలో ఒక పల్లె. రాత్రి పదిన్నర దాటింది. ఎర్రమట్టిని చదును చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. గుంజలకు కట్టిన లైట్ల చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. ట్రాక్టరు ట్రాలీల మీద, ప్రహరీ గోడల మీద, వేపచెట్టు కొమ్మల మీద జనం. డిగ్రీ మూడో ఏడు చదువుతున్న ఒక కుర్రాడు ఆ రాత్రి సెమీఫైనల్లో 17 పాయింట్లు తెచ్చాడు. ఆట ముగియగానే పిల్లలు వాణ్ని భుజాల మీదికెత్తుకున్నారు. మైకులో పెద్దాయన ఒకరు, ఈ అబ్బోడు రేపో మాపో టీవీలో కనిపిస్తాడని చెప్పేశాడు.

నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రిటైరైన డ్రిల్లు సారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒళ్లో చిన్న నోటుపుస్తకం, చేతిలో పెన్ను. ఆట జరిగినంతసేపూ ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. పాయింట్లు వేస్తున్నారా సార్ అని అడిగాను.

“పాయింట్లు లెక్కబెట్టేదానికి స్కోరరు ఉండాడు గదప్పా. నేను రాసేది వేరే. వాడు దొరికినాక ఏం చేస్తా ఉండాడో, అది.”

ఆ మాట పట్టుకునే ఈ కథనం రాస్తున్నాను. పల్లెలో, కాలేజీలో మెరిసే రైడర్‌ను చూసినప్పుడు అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే: వీడు పైకి పోతాడా? దానికి జవాబు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. మన ప్రాంతంలో ఆ పద్ధతిగా చూసేవాళ్లు చాలా తక్కువ. పిల్లలు దొరక్క కాదు, చూసి రాసిపెట్టేవాళ్లు లేకనే మనవాళ్లు వెనకబడుతున్నారని నా నమ్మకం.

తెలుగు పేరు, బయటి రైడర్లు

ప్రొ కబడ్డీ లీగ్ 2014 జూలైలో ఎనిమిది జట్లతో మొదలైంది. 2017 నుంచి పన్నెండు జట్లు. అంతకుముందు కబడ్డీ బాగా ఆడిన కుర్రాడికి ఉన్న పెద్ద ఆశ రైల్వేలోనో, సర్వీసెస్‌లోనో, పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. లీగు వచ్చాక ఆటకే ధర పలకడం మొదలైంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను మన తెలుగు టైటాన్స్ 2.60 కోట్ల రూపాయల పైచిలుకుకు కొనుక్కుంది. అది అప్పటికి లీగు చరిత్రలోనే అత్యధిక ధర.

తెలుగు టైటాన్స్ తరఫున కూత మోసిన పెద్ద పేర్లు ఒక్కసారి గుర్తుచేసుకోండి. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి, ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ వాడు. 2019లో 1.45 కోట్లకు వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా. పవన్ ఢిల్లీ వాడు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాహుల్ చౌదరి ఆట చూసే మన పల్లెల్లో సగంమంది పిల్లలు రన్నింగ్ హ్యాండ్ టచ్ నేర్చుకున్నారు. కానీ జట్టు పేరులో తెలుగు ఉన్నప్పుడు, మన మట్టిలో పుట్టిన రైడర్ ఒకడు ఆ చొక్కా వేసుకుని మ్యాచ్ మొత్తాన్ని మోయాలని కోరుకోవడం అత్యాశేం కాదు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో టైటాన్స్ వరుసగా అట్టడుగున నిలిచింది. ఆ మూడింటిలో కలిపి 66 మ్యాచ్‌లాడితే గెలిచినవి అయిదు. ఆ రోజుల్లో మదనపల్లె టీకొట్ల దగ్గర టీవీ చూస్తూ, మనోళ్లు ఒక్కరన్నా ఉంటే బాగుండును అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. 2025లో జట్టు ప్లేఆఫ్స్ దాకా వచ్చి పరువు నిలబెట్టుకుంది. ఆ కోరిక మాత్రం అలాగే మిగిలింది.

సముద్రం అవతల ఇదే ప్రశ్న

ఒక రైడర్‌ను తూచడం ఎలాగో అర్థం కావాలంటే అమెరికా దాకా వెళ్లి రావాలి. అక్కడి ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అని ఒక ఆటగాడుంటాడు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, తనను పడగొట్టడానికి కాచుకున్న పదకొండుమంది మధ్యలోంచి దూసుకుపోవడం వాడి పని. మన రైడర్‌కు వాడే దగ్గరి చుట్టం. ఇద్దరూ పట్టుకునేవాళ్ల మధ్యలోకి తెలిసి తెలిసి వెళ్లేవాళ్లే. ఇద్దరికీ నడుము, తొడలు, మోకాళ్లే ఆస్తి.

కాలేజీ రన్నింగ్ బ్యాక్‌లను వృత్తి జట్లు ఎంచుకునే ముందు ఏటా శీతాకాలం చివర్లో ఇండియానాపొలిస్ నగరంలో పరీక్షలు పెడతారు. 40 గజాలు, అంటే మన లెక్కలో దాదాపు 37 మీటర్లు, ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు. ఎత్తు, బరువు, అరచెయ్యి కొలత, నిలబడి ఎంతెత్తు ఎగరగలడు, పాత గాయాలేమిటి, అన్నీ రాసుకుంటారు. ఇంత కొలిచినా పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి.

అలబామా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను 2012లో దేశం మొత్తం మీద మూడో ఎంపికగా తీసుకున్నారు. ఆ లీగులో మూడు సీజన్లు తిరిగేసరికి అతని ఆట ముగిసింది. కాలేజీలో అతని ముందు దారి తెరిచే వరుస దేశంలోకెల్లా బలమైనది. ఆ వరుస తెరిచిన సందు ఎంత, అందులో అతని సొంత సత్తువ ఎంత అన్నది విడదీసి చూడడం ఎంతటి నిపుణులకైనా కష్టమే. ఇటు చూస్తే, 1995లో 195 మందిని ఎంచుకున్నాక గానీ టెరెల్ డేవిస్ పేరు పిలవలేదు. డెన్వర్ జట్టుకు ఆడుతూ 1998లో ఒక్క సీజన్‌లోనే అతను 2,008 గజాలు పరిగెత్తాడు. ఆ మరుసటి ఏడాదే మోకాలు దెబ్బతింది. మళ్లీ మునుపటి మనిషి కాలేకపోయాడు. అయినా 2017లో ఆ ఆట మహనీయుల వరుసలో అతనికి చోటిచ్చారు.

ఈ అనుభవాల తర్వాత అక్కడివాళ్లు ఒక కొలతకు బాగా విలువ ఇవ్వడం నేర్చుకున్నారు. మొత్తం ఎన్ని గజాలు పరిగెత్తాడన్నదానితో పాటు, మొదటివాడు వచ్చి తగిలాక ఇంకెన్ని గజాలు ముందుకు పోయాడన్నది విడిగా లెక్కిస్తారు. ఆ లెక్కలో జట్టు చేసిన సాయం తక్కువ, వాడి సొంతం ఎక్కువ. అమెరికాలో కంప్యూటర్లు వేసే ఆ లెక్కనే మా డ్రిల్లు సారు పుంగనూరు పల్లెలో నోటుపుస్తకంలో వేస్తున్నాడు.

పదిహేడును విప్పి చూస్తే

ఆట అయిపోయాక సారు పుస్తకం నా చేతికిచ్చాడు. ఆ కుర్రాడు మొత్తం 22 సార్లు కూతకెళ్లాడు. 13 సార్లు పాయింటు తెచ్చాడు, 4 సార్లు దొరికాడు, 5 సార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. తెచ్చిన 17లో 8 బోనస్, 9 టచ్.

మొదట బోనస్ సంగతి. మైదానంలో అవతలివాళ్లు ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ గీత దాటితే పాయింటు వస్తుంది. అంటే ఆ ఎనిమిది పాయింట్లూ అవతలి జట్టు నిండుగా ఉన్నప్పుడు వచ్చినవి. అంతవరకు మంచిదే. కానీ పల్లె జట్లలో మూలల్లో కాచుకునే కార్నర్లు బోనస్ గీత దగ్గర కాలు ముందుకు వేయడానికి జంకుతారు. ఆ గీతను అంత తేలిగ్గా వదిలేసే కార్నర్ లీగులో దొరకడు. కాబట్టి ఈ ఎనిమిదిలో ఎన్ని పైస్థాయిలో నిలుస్తాయో అనుమానమే. సారు సగానికి సగం కొట్టేశాడు.

తర్వాత టచ్‌లు. తొమ్మిదింటిలో ఏడు అవతలివాడు దగ్గరికి రాకముందే చేత్తో తాకి వచ్చినవి. అందులో చేతి వేగం, ఎత్తు, చెయ్యి పొడుగు కనిపిస్తాయి. మిగతా రెండు మాత్రం పట్టు పడ్డాక, ఒంటికాలి మీద ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీత అందుకున్నవి. సారు ఆ రెండింటి చుట్టూ గుండ్రంగా గీశాడు.

ఇక దొరికిన నాలుగు సార్లు. అందులో మూడుసార్లు పట్టింది ఒక్కడే, ఎడమ కార్నర్. మూడుసార్లూ చీలమండే పట్టాడు. ఒక ఆటలో ఒకే మనిషికి ఒకే పట్టుకు మూడుసార్లు దొరికాడంటే రైడర్‌కు ఆ మూల భయమైనా ఉండాలి, ఆ మూలను చూడని అలవాటైనా ఉండాలి. ప్రొ కబడ్డీలో ప్రతి రైడర్ వీడియోనూ ప్రత్యర్థి కోచ్ ముందురోజే చూసి పెట్టుకుంటాడు. ఇటువంటి కంత దొరికితే రెండో మ్యాచ్‌కల్లా దారి మూసేస్తారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది పుస్తకంలోని చివరి వరుస. వరుసగా రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత మూడోదానికి పాయింటు తేవాలి, లేదా అవుటవ్వాలి. దాన్నే డూ ఆర్ డై రైడ్ అంటారు. ఈ కుర్రాడికి అటువంటివి మూడు వచ్చాయి. రెండింటిలో దొరికాడు. అందులో ఒకసారి అవతల ముగ్గురే ఉన్నారు. ముగ్గురు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి పట్టేస్తే అది సూపర్ ట్యాకిల్, వాళ్లకు ఒకటికి రెండు పాయింట్లు. జనానికి 17 కనిపించింది. మ్యాచ్ తిరగబడబోయిన ఆ క్షణం కనిపించలేదు. జట్టు అప్పటికే చాలా ముందుండడంతో బయటపడ్డారు.

మరైతే వీడు పనికిరాడా? సారును సూటిగానే అడిగాను.

“పనికిరాడని ఎవురన్నారు? ఆ రెండు గుండ్రాలు చూడప్పా. కాలు దొరికినా నడుము కింద పెట్టలా. మొగం గీత పక్కకే ఉండాది. అది నేర్పిస్తే వచ్చేది గాదు. మిగతావన్నీ నేర్పొచ్చు.”

ఆ మాటలో చాలా ఉంది. కూత మీద ఊపిరి నిలపడం, బోనస్ తీయడం, డుబ్కీ కొట్టడం, బ్యాక్ కిక్ వేయడం ఒక మంచి కోచ్ చేతిలో రెండేళ్ల పని. పట్టు పడిన మరుక్షణం ఒళ్లు ఏ దిక్కుకు తిరుగుతుందన్నది మాత్రం చిన్నప్పటినుంచి వచ్చిన స్వభావం. కొందరు దొరకగానే వెనక్కి లాక్కుంటారు, కొందరు ఆగి చూస్తారు. కొద్దిమంది మాత్రమే అప్పటికే గీత వైపు పడిపోతూ ఉంటారు. పడిపోవడం కూడా ముందుకే. పొడుగ్గా ఉన్నవాడికి ఆ పడడమే ఒక మీటరు తెచ్చిపెడుతుంది.

మట్టి నుంచి మ్యాటు మీదికి

మన పిల్లలు ఆడేది మట్టి మీద, చాలామంది ఉత్త కాళ్లతో. లీగు ఆట మ్యాటు మీద, బూట్లతో. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మట్టి మీద రాజులా ఆడినవాణ్ని మ్యాటు మీద బిడ్డలా చేసేస్తుంది. మట్టిలో కాలు కొద్దిగా జారుతుంది. ఆ జారుడును వాడుకునే మన రైడర్లు ఒడుపుగా మలుపులు తిరుగుతారు, పట్టినవాడి కాలు కూడా జారుతుంది కాబట్టి తప్పించుకుంటారు. మ్యాటు మీద బూటు అతుక్కుంటుంది. వేగం పెరుగుతుంది, మలుపు పదునెక్కుతుంది, అలాగే పట్టు కూడా బిగుస్తుంది. అవతలి కార్నర్ మట్టి మీద చేయలేని డ్యాష్, అంటే రైడర్‌ను గీత బయటికి నెట్టేయడం, మ్యాటు మీద చేస్తాడు. మట్టి మీద ఆడిన వంద రైడ్‌ల కన్నా మ్యాటు మీద ఆడిన పది రైడ్‌లు ఎక్కువ చెబుతాయని నేననుకుంటున్నాను.

బరువు సంగతి. పురుషుల ఆటలో 85 కిలోలు దాటకూడదు. మన ప్రాంతపు కుర్రాళ్లకు ఆ హద్దుతో చిక్కు లేదు, దానికి చాలా కిందే ఉంటారు. 65 కిలోల రైడర్‌ను 84 కిలోల కవర్ ఆటగాడు నడుము పట్టి ఎత్తేస్తే చేయడానికేమీ ఉండదు. మదనపల్లె టమాటా మార్కెట్లో తెల్లవారుజామున బాక్సులు మోసే కుర్రాళ్ల భుజాలు, నడుములు చూసినప్పుడల్లా నాకు కబడ్డీయే గుర్తొస్తుంది. ఆ సత్తువ నిజమైనది. కాకపోతే ఆ పని తర్వాత ఏం తిన్నాడు, ఎంత నిద్రపోయాడు అన్నదే కండగా మారుతుంది. హాస్టల్లో చదివే పిల్లవాడికి రోజుకు నాలుగు గుడ్లు ఎవరు పెడతారు? బరువు తక్కువున్నవాణ్ని కొట్టేయడం సులువు. వాడి ఎముకల గూడు చూసి, సరిగా తింటే రెండేళ్లలో వీడు 75కు వస్తాడా అని ఊహించగలగడమే పారఖీతనం.

కుప్పం పిల్లలకు ఒక అదనపు బలం ఉంది. ఆ ఊరు మూడు రాష్ట్రాలు కలిసేచోట, బెంగళూరు–జోలార్‌పేట రైలుమార్గం మీద ఉంది. అటు కృష్ణగిరి, ఇటు కోలారు. కబడ్డీని ఊరి పండుగలా ఆడే తమిళ పల్లెలు పక్కనే. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికెళ్లి రాత్రికి తిరిగొచ్చే కుర్రాళ్లు ఆదివారం మూడు భాషల్లో కేకలు వినిపించే మైదానాల్లో ఆడతారు. ఎదురయ్యే జట్లు మారుతుంటే రైడర్‌కు కొత్త పట్లు తెలుస్తాయి. ఒకే మండలంలో ఒకే నాలుగు జట్లతో ఆడి తెచ్చిన 17 కన్నా, ఊరు దాటి తెలియని డిఫెన్స్ మీద తెచ్చిన 7 నాకు విలువైనది.

మోకాలు

ఇక్కడ కాసేపు ఆగాలి. రైడర్ భవిష్యత్తు గురించి ఎన్ని లెక్కలు వేసినా చివరికి అంతా మోకాలి దగ్గరికే వస్తుంది.

2022 అక్టోబరు. తొమ్మిదో సీజన్. తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొనుక్కున్న పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పట్టుకుని కూలిపోయాడు. ఆ సీజన్‌లో మళ్లీ మ్యాటు మీదికి రాలేదు. టైటాన్స్ కొనుక్కున్న సిద్ధార్థ్ దేశాయ్ ఎనిమిదో సీజన్‌లో భుజం గాయంతో కొద్ది మ్యాచ్‌లకే ఆగిపోయాడు. 2014లో జైపూర్ తరఫున తొలి టైటిల్ గెలిచిన మణీందర్ సింగ్ గాయాల వల్ల ఆ తర్వాత మూడు సీజన్లు లీగుకే దూరమయ్యాడు. అతను తిరిగొచ్చాడు. 2019లో విజేతగా నిలిచిన బెంగాల్ జట్టుకు అతనే నాయకుడు. పవన్ కూడా లేచాడు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకత్వం వహించి స్వర్ణం తెచ్చాడు.

లేచినవాళ్ల వెనక శస్త్రచికిత్స, ఫిజియో, నెలల తరబడి విశ్రాంతి, జట్టు పెట్టిన ఖర్చు ఉన్నాయి. మన కాలేజీ కుర్రాడి వెనక ఏముంది?

మోకాలిలో తొడ ఎముకను, కాలి ఎముకను బిగించి పట్టే స్నాయువు ఒకటి లోపల అడ్డంగా ఉంటుంది. పాదం నేలకు అతుక్కుని ఉండగా పైనున్న ఒళ్లు తిరిగితే అది తెగుతుంది. రైడర్ చేసే పనే అది: చీలమండ అవతలివాడి చేతిలో ఇరుక్కుని ఉంటుంది, నడుము గీత వైపు తిరుగుతుంది. టప్‌మని చప్పుడు వినిపించిందని చెప్పినవాళ్లున్నారు. వాపు వస్తుంది, పదిరోజుల్లో తగ్గుతుంది, నడవగలుగుతాడు, తగ్గిపోయిందనుకుంటాడు. మళ్లీ కూతకెళతాడు. మలుపు తిరిగినప్పుడు మోకాలు ఒక్కసారిగా జారినట్టు అవుతుంది. ఈసారి మృదులాస్థి కూడా పోతుంది.

మా జిల్లాల్లో ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవడం తరతరాల అలవాటు. కబడ్డీలో చెయ్యి విరిగి పుత్తూరు వెళ్లొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నేనూ చిన్నప్పుడు ఆ కట్టుతో తిరిగినవాణ్నే. కానీ తెగిన స్నాయువు విరిగిన ఎముక కాదు. కట్టు కడితే అతుక్కునేది కాదు. దానికి ఎమ్మారై తీయించాలి, తిరుపతికో వేలూరుకో బెంగళూరుకో వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించాలి. తెగిందని తేలితే ఆపరేషన్, ఆ తర్వాత తొమ్మిది నెలలో ఏడాదో ఓపిక పట్టాలి. ఈ మాట ప్రతి కాలేజీ జట్టులో ప్రతి పిల్లవాడికీ, వాళ్ల అమ్మానాన్నలకూ ఎవరో ఒకరు చెప్పి తీరాలి. గాయాన్ని దాచిపెట్టి సెలక్షన్లకు వెళ్లే పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది. దాస్తే దాగదు. జట్టు డాక్టరు మోకాలిని రెండు చేతులతో పట్టి ముందుకు లాగి చూస్తే చాలు, చాలావరకు తెలిసిపోతుంది.

అందుకే నేను చూడమనేది ఇది: రైడర్ పడి లేచాక మొదటి మూడు అడుగులు ఎలా వేశాడు? ఆట చివరి అయిదు నిమిషాల్లో ఎడమకాలి మీద బరువు మోపడం మానేశాడా? రెండో అర్ధభాగంలో ఒక్క వైపే మలుపు తిరుగుతున్నాడా? 40 నిమిషాల ఆటలో ఈ జవాబులు దొరికేది చివరి పది నిమిషాల్లోనే.

వయసు లెక్క కూడా మోకాలి లెక్కే. లీగు చరిత్రలో అందరికన్నా ఎక్కువగా 1,801 రైడ్ పాయింట్లు తెచ్చిన పర్దీప్ నర్వాల్‌ను 2025 వేలంలో ఎవరూ కొనలేదు. 28 ఏళ్లకే ఆటకు వీడ్కోలు చెప్పాడు. అమెరికా రన్నింగ్ బ్యాక్‌లకూ ముప్పై దగ్గరపడే సరికి ఇదే గతి. ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలో ఉన్నది ఎనిమిదేళ్ల సమయం అనుకుంటే, డిగ్రీ సర్టిఫికెట్ ఎంత అవసరమో తెలుస్తుంది. ఆట కోసం చదువు మానేస్తానన్న పిల్లవాణ్ని ఏ కోచ్ కూడా మెచ్చుకోకూడదు.

చూడలేకపోయినవాళ్లూ ఉన్నారు

పెద్ద కళ్లు కూడా పొరబడతాయి. పర్దీప్ నర్వాల్ 2015లో బెంగళూరు బుల్స్‌లో అడుగుపెట్టాడు. అక్కడ పెద్దగా ఆడింది లేదు. పట్నాకు వెళ్లాక 2017లో ఒక్క సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. పవన్ సెహ్రావత్ అయిదో సీజన్‌లో గుజరాత్ జట్టులో ఉండి ఎక్కువకాలం బెంచీ మీదే కూర్చున్నాడు. వాళ్లు వదిలేస్తే బెంగళూరు తీసుకుంది. 2019 జనవరి 5న జరిగిన ఫైనల్లో ఎదుటి జట్టు అదే గుజరాత్. పవన్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి కప్పు లాక్కెళ్లాడు. రోజూ కళ్లెదుట సాధన చేస్తున్నవాణ్నే గుర్తించలేకపోయారంటే, ఒక్కపూట సెలక్షన్ ట్రయల్‌లో మూడు రైడ్‌లు చూసి తీసేసిన మన పిల్లల సంగతేమిటి?

మన కుర్రాడికి దారి ఉంది. కాలేజీ జట్టు, అక్కడి నుంచి అంతర్ కళాశాలల పోటీలు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జట్టు, దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలు, ఆ పైన అఖిలభారత పోటీలు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లోనూ కబడ్డీ ఉంది. ప్రొ కబడ్డీ జట్లు వేలంతో పాటు న్యూ యంగ్ ప్లేయర్స్ పేరుతో కుర్రాళ్లను విడిగా తీసుకుంటాయి. 2023 డిసెంబరులో మొదలై గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి సాగిన ఆడుదాం ఆంధ్ర పోటీల్లో ఉన్న అయిదు ఆటల్లో కబడ్డీ ఒకటి. మెట్లు లేవని చెప్పలేం. ఒక్కో మెట్టు మీద నిలబడి చూసేవాడు ఏం చూస్తున్నాడన్నదే నా బెంగ. మదనపల్లెలో బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915 నుంచి ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. వందేళ్ల కాలేజీ ఉన్న ఊళ్లో ఎందరు మంచి రైడర్లు ఆడి, పెళ్లి చేసుకుని, టమాటా తోటల్లోకి వెళ్లిపోయారో ఏ రిజిస్టరూ చెప్పదు. వాళ్ల ఆట ఎవరూ రాసిపెట్టలేదు.

ఆడపిల్లల సంగతి మరీ బాధ. వాళ్లకు 2016లో మూడు జట్లతో ఒక చిన్న పోటీ పెట్టారు. అది అక్కడితో ఆగింది. 2010, 2014, మళ్లీ 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన ఆట వాళ్లది. ఆ స్థాయికి తగ్గ లీగు ఇంకా రాకపోవడం అన్యాయం. సారు పుస్తకంలో వెనక పేజీల్లో ఇద్దరు అమ్మాయిల రైడ్‌లు కూడా ఉన్నాయి. వాటికీ గుండ్రాలున్నాయి.

ఫోను ఉన్న ప్రతివాడూ వీడియో తీస్తున్న కాలమిది. కానీ ఆ వీడియోల్లో పాయింటు తెచ్చిన రైడ్‌లే ఉంటాయి, పైగా సినిమా పాట కలిపి. కోచ్‌కు కావలసింది అవి కావు. దొరికిన రైడ్‌లు కావాలి. కోర్టు మొత్తం కనిపించేలా, మొదటి సెకను నుంచి ముప్పయ్యో సెకను దాకా, కత్తిరింపు లేకుండా. 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టు మొత్తం పట్టాలంటే ఫోనును కాస్త ఎత్తున, పక్కగీత మధ్యలో నిలబెట్టాలి. కాలేజీకి ఒక పిల్లవాడు ఆ పని చేసినా ఏడాదిలో ఒక్కో రైడర్ మీద రెండు మూడు వందల రైడ్‌ల లెక్క తయారవుతుంది. సారు దగ్గర అటువంటి నోటుపుస్తకాలు ఓ సంచీ నిండా ఉన్నాయి. ఇన్నేళ్లలో వాటిని అడిగి తీసుకెళ్లినవాళ్లు ఎవరూ లేరట.

మర్నాడు ఫైనల్. అదే కుర్రాడు, ఎదుట వేరే జట్టు. మ్యాచ్‌కు ముందు సారు వాణ్ని పక్కకు పిలిచి పుస్తకం తెరిచి చూపించాడు. వాడు చాలాసేపు చూశాడు.

“మూడుసార్లూ ఆ మూలేనా సార్?”

“మూడుసార్లూ ఆడే. చూడకుండా పోతా ఉండావు అబ్బయ్యా.”

మొదటి రైడ్‌కే వాడు నేరుగా ఎడమ కార్నర్ మీదికి వెళ్లాడు. కార్నర్ చీలమండ అందుకున్నాడు, కవర్ వచ్చి తొడ పట్టాడు. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వాడు మధ్యగీత వైపు పడ్డాడు. మట్టిలో చాచిన వేళ్లకూ గీతకూ మధ్య జానెడు దూరం. విజిల్ మోగింది. జనం ఉసూరుమన్నారు. స్కోరుబోర్డు మీద పాయింటు అవతలి జట్టుకు వెళ్లింది. సారు ఆ రైడ్‌కు ఎదురుగా రాసింది చూశాను: ఎడమ మూల. చూసి పోయినాడు. ఇద్దరు. రెండడుగులు. మొగం గీత పక్కకే. దాని చుట్టూ గుండ్రం గీసి, పేజీ తిప్పాడు.